డిగ్రీ మీద ‘న్యూరోసైన్స్’ అని ఉండాలా?

తన పేరు వేయవద్దని కోరుతూ బెంగళూరు నుంచి ఒక అమ్మాయి పెద్ద ఉత్తరం రాసింది. వయసు 18. ఈ ఏడాది పీసీఎంబీ (భౌతిక, రసాయన, గణిత, జీవశాస్త్రాలు)తో సెకండ్ పీయూసీ, అంటే మన ఇంటర్ రెండో ఏడాది, పూర్తి చేసింది. మదనపల్లె దగ్గరి పల్లె నుంచి వచ్చి బెంగళూరులో స్థిరపడిన కుటుంబం. నాన్నకు టైల్స్ దుకాణం ఉంది. తమ్ముడు పదో తరగతి చదువుతున్నాడు. నానమ్మ వీళ్లతోనే ఉంటుంది. కొన్నేళ్ల క్రితం ఆమెకు మతిమరుపు మొదలైంది, డాక్టర్లు అల్జీమర్స్ అని తేల్చారు. ఇప్పుడు మనవరాలిని ఎప్పుడో పోయిన తన చెల్లెలి పేరు పెట్టి పిలుస్తోంది. అప్పటి నుంచి మెదడు గురించి దొరికిందల్లా చదివిన ఈ అమ్మాయి, మెదడు, నాడుల శాస్త్రమైన న్యూరోసైన్స్ తప్ప మరొకటి చదవనని నిశ్చయించుకుంది.

నీట్‌లో ప్రభుత్వ సీటుకు సరిపడే ర్యాంకు రాలేదు. ఇంకో ఏడాది లాంగ్ టర్మ్ కోచింగ్ తీసుకొమ్మని నాన్న అంటున్నారు. ఎలక్ట్రానిక్ సిటీలో ఉద్యోగం చేస్తున్న పెదనాన్న కొడుకు కంప్యూటర్ సైన్స్ చేరమంటున్నాడు. ఆమె మనసు మాత్రం నగర శివార్లలోని ఒక ప్రైవేటు విశ్వవిద్యాలయం ఇస్తున్న నాలుగేళ్ల బీఎస్సీ ఆనర్స్ న్యూరోసైన్స్ మీద ఉంది. ఫీజు ఏడాదికి నాలుగున్నర లక్షలు. అందుకోసం హోసకోటె దగ్గరి సైటు అమ్మాల్సి రావచ్చు. బెంగళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థ (ఐఐఎస్సీ)లో సీటు అందలేదు కానీ, శాస్త్రాల చదువుకు కేంద్రం నెలకొల్పిన తిరుపతి ఐసర్‌లో డిగ్రీ, పీజీ కలిసిన ఐదేళ్ల బీఎస్-ఎంఎస్‌లో వచ్చింది. ‘అక్కడ పట్టా మీద న్యూరోసైన్స్ అని ఉండదు, పైగా నానమ్మను వదిలి వెళ్లాలి’ అని వెనుకాడుతోంది. ఖర్చు మిగలాలంటే ఇంటి దగ్గరి ప్రభుత్వ కళాశాలలో బీఎస్సీ ఉంది. ‘నాలుగేళ్లలో ఏ ఏడాది ఏం చదవాలి? నాన్నను ఎలా ఒప్పించాలి? నానమ్మ కోసం ఏమైనా చేయగలనా?’ అని అడుగుతోంది.

అమ్మా, నీ చివరి ప్రశ్నతోనే మొదలుపెడతాను. మిగతా ప్రశ్నలన్నీ దాని చుట్టూనే తిరుగుతున్నాయి.

ఈ జబ్బు మొదటి రోగి గురించి అలోయిస్ అల్జీమర్ వైద్యుల సభలో చెప్పింది 1906లో. నూరేళ్లు దాటినా దాన్ని నయం చేసే మందు రాలేదు. 2023లో అమెరికాలో పూర్తి అనుమతి పొందిన లెకానెమాబ్ కూడా జబ్బు తొలి దశలో ఉన్నవారిలో క్షీణతను కొంత నెమ్మదింపజేసేదే తప్ప పోయిన జ్ఞాపకాలను తిరిగి తెచ్చేది కాదు. నువ్వు ఇవాళ ఏ కోర్సులో చేరినా, సొంతంగా పరిశోధన చేసే స్థాయికి రావడానికి పదేళ్లు పడుతుంది. నీ చదువు మీ నానమ్మకు అందదు. ఇది రాయడం నాకు కష్టంగానే ఉంది. కానీ ‘నేను త్వరగా చదివితే ఆమె దక్కుతుంది’ అన్న ఆశ మనసులో ఒక మూల ఉండిపోతే, నాలుగేళ్ల తర్వాత నిన్ను నువ్వే నిందించుకుంటావు. ఆమెకు నువ్వు ఇవ్వగలిగింది ఇప్పుడే ఉంది. పక్కన కూర్చోవడం, చెల్లెలి పేరుతో పిలిస్తే సరిదిద్దకుండా పలకడం, రోజంతా చూసుకుంటున్న మీ అమ్మగారికి సాయంత్రం ఒక గంట విశ్రాంతి ఇవ్వడం. వీటికి ఏ డిగ్రీ అక్కర్లేదు.

నీ ఉత్తరంలో రెండు కోరికలు కలగలిసిపోయి ఉన్నాయి. ఒకచోట ‘ఇలాంటి ముసలివాళ్లకు అండగా ఉండాలి’ అన్నావు. మరోచోట ‘పాత పాటలు తప్పులేకుండా పాడే మనిషి పొద్దున తిన్నది ఎలా మరిచిపోతుంది? ఆ రెండు జ్ఞాపకాలు మెదడులో వేరువేరు చోట్ల ఉంటాయా?’ అన్నావు. రెండూ మంచివే. కానీ మొదటిది వైద్యం వైపు, రెండోది పరిశోధన వైపు తీసుకెళతాయి. న్యూరోసైన్స్ డిగ్రీ చదివినవాళ్లు రోగికి మందు రాయలేరు. న్యూరాలజిస్టు కావాలంటే ఎంబీబీఎస్ ఐదున్నరేళ్లు, ఎండీ మూడేళ్లు, డీఎం మూడేళ్లు చదవాలి. మీ నాన్నగారు చెబుతున్నది ఈ దారి. ‘మెదడు గురించే కదా, డాక్టరయ్యాక చూసుకో’ అంటున్నారంటే నీ ఇష్టాన్ని ఆయన కొట్టిపారేయడం లేదు. తనకు తెలిసిన, జీతం కనిపించే దారిలో పెట్టాలని చూస్తున్నారు.

కాబట్టి ముందు ఒక పని చెయ్యి. మెదడు, మానసిక జబ్బులకు మీ ఊళ్లోనే ఉన్న పెద్దాసుపత్రి నిమ్హాన్స్‌లో సందర్శకులు చూడగలిగే మెదడు మ్యూజియం ఉంది. కుటుంబాలు దానం చేసిన నిజమైన మెదళ్లను అక్కడ భద్రపరిచారు. తమ్ముడిని తీసుకుని వెళ్లిరా. మరో రోజు నానమ్మను పరీక్షకు తీసుకెళ్లినప్పుడు ఓపీ దగ్గర ఒక పూట కూర్చుని చూడు. ఈ రెండు చోట్లలో ఎక్కడ నీ మనసు ఎక్కువసేపు నిలిచిందో గమనించు. రోగుల మధ్యే నిలిచిందని తేలితే, ఎంబీబీఎస్ ఒక్కటే మార్గం కాదని కూడా గుర్తుంచుకో. పక్షవాతం వచ్చి మాట పోయినవాళ్లకు మాట నేర్పే స్పీచ్ థెరపీకి మైసూరులోనే అఖిల భారత వాక్ శ్రవణ సంస్థ ఉంది. నర్సింగ్, క్లినికల్ సైకాలజీ, ఆక్యుపేషనల్ థెరపీ కూడా మతిమరుపు రోగి జీవితంలో రోజూ అవసరమయ్యేవే.

ఉత్తరాన్ని మళ్లీ మళ్లీ చదివాక నాకు తోచినది చెబుతాను. నిన్ను లాగుతున్నది రెండో కోరికే. పాటల గురించి నువ్వు వేసిన ప్రశ్న పరిశోధకులు వేసే ప్రశ్న. అది నిజమనుకుని మిగతాది రాస్తున్నాను.

పట్టా మీద పేరు గురించి నువ్వు చాలా పట్టుదలగా ఉన్నావు. దాన్ని కొంచెం సడలించుకోవాలి. ఐఐఎస్సీ 2011లో నాలుగేళ్ల డిగ్రీ మొదలుపెట్టింది. న్యూరోసైన్స్‌కు ప్రత్యేక కేంద్రమున్న ఆ సంస్థలో కూడా డిగ్రీ స్థాయిలో ఆ పేరుతో మేజర్ లేదు. జీవశాస్త్రం మేజర్‌గా తీసుకుని, మొదట్లో అందరితో పాటు గణితం, భౌతికశాస్త్రం, రసాయనశాస్త్రం చదివి, తర్వాత న్యూరోసైన్స్ కోర్సులు, చివరి ఏడాది పరిశోధన ప్రాజెక్టు చేస్తారు. పండ్ల ఈగ వాసనను ఎలా గుర్తిస్తుందో దశాబ్దాలు శోధించి, బెంగళూరులో ఎన్‌సీబీఎస్ అనే జీవశాస్త్ర పరిశోధన కేంద్రాన్ని నిర్మించిన ఒబైద్ సిద్దీఖీ న్యూరోసైన్స్ డిగ్రీ చదివి వచ్చినవారు కాదు. సూక్ష్మజీవుల జన్యుశాస్త్రం నుంచి మెదడు వైపు మళ్లారు.

నీకు ముందుముందు ఎదురయ్యే పరీక్షలను కూడా చూడు. పరిశోధన ఫెలోషిప్‌కు రాసే సీఎస్ఐఆర్ నెట్‌లో లైఫ్ సైన్సెస్ ఉంది, న్యూరోసైన్స్ లేదు. ఐఐటీల ఎమ్మెస్సీకి రాసే జామ్‌లో బయోటెక్నాలజీ పేపరు ఉంది, న్యూరోసైన్స్ లేదు. మొక్కల నుంచి పరిణామ సిద్ధాంతం దాకా అన్నీ చదివినవాళ్లే వాటిలో నెగ్గుతారు. మరో చిన్న విషయం, మీ ఇంటికి మాత్రం పెద్దదే. బోర్డు పరీక్షలో మొదటి ఒక శాతంలో నిలిచి మౌలిక శాస్త్రాలు చదివేవారికి కేంద్రం ఇచ్చే ఇన్‌స్పైర్ స్కాలర్‌షిప్ ఏడాదికి 80 వేల రూపాయలు. ఆ పథకం జాబితాలో జీవశాస్త్రం, జంతుశాస్త్రం, బయోకెమిస్ట్రీ పేర్లు ఉంటాయి. ‘న్యూరోసైన్స్’ అనే పేరు అక్కడ నీకు అడ్డుపడవచ్చు. చేరే ముందు ఈ ఏడాది నోటిఫికేషన్ తెరిచి సరిచూసుకో.

అయితే పేరు కాకపోతే ఏం చూడాలి? నాలుగేళ్లలో ఏం చదువుతావన్నది చూడాలి.

న్యూరాన్ (నాడీకణం) పొర లోపలికీ బయటికీ మధ్య దాదాపు 70 మిల్లీవోల్టుల తేడా ఉంటుంది. సోడియం, పొటాషియం అయాన్లు ఆ పొరలోని ద్వారాల గుండా కదిలినప్పుడు విద్యుత్ సంకేతం పుడుతుంది. హాడ్జ్‌కిన్, హక్స్‌లీ 1952లో స్క్విడ్ అనే సముద్రజీవి లావుపాటి నాడీతంతువు మీద ప్రయోగాలు చేసి, ఆ సంకేతాన్ని నాలుగు అవకలన (డిఫరెన్షియల్) సమీకరణాలలో రాశారు. 1963లో నోబెల్ బహుమతి వచ్చింది. ఆ సమీకరణాలను పాఠ్యపుస్తకంలో చూసి పేజీ తిప్పేసేవాళ్లు ఒక రకం, వాటిని కంప్యూటర్‌లో నడిపించి ‘పొటాషియం ద్వారాలు ఆలస్యంగా తెరుచుకుంటే ఏమవుతుంది’ అని మార్చి చూసేవాళ్లు మరో రకం. నువ్వు రెండో రకం కావాలంటే మొదటి ఏడాదే కలన గణితం (కాల్క్యులస్), రేఖీయ బీజగణితం, విద్యుత్ పాఠాలు గట్టిగా చదవాలి, పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాష నేర్చుకోవాలి. మీ అన్నయ్య మాటలో ఉన్న నిజం ఇక్కడ పనికొస్తుంది. కంప్యూటర్ సైన్స్ డిగ్రీ చెయ్యమని నేను అనను, కానీ ప్రోగ్రామింగ్ మొదలుపెట్టించమని అతన్నే అడుగు. సెలవు రోజుల్లో ఒక గంట కూర్చోబెడితే చాలు.

రెండో ఏడాది జీవరసాయనం, జన్యుశాస్త్రం, శరీరధర్మశాస్త్రంతో పాటు గణాంకశాస్త్రం తప్పనిసరి. గణాంకాలు రాకుండా జీవశాస్త్ర పరిశోధన చేయడం ఇప్పుడు సాధ్యం కాదు. ఎన్ని ఎలుకల మీద చేస్తే ఒక ఫలితాన్ని నమ్మవచ్చో చెప్పలేని విద్యార్థి ఎంత మంచి సూక్ష్మదర్శిని ముందు కూర్చున్నా ప్రయోజనం లేదు. మూడో ఏడాదిలో అసలు న్యూరోసైన్స్ రావాలి. కణస్థాయి, నాడీవలయాలు, ప్రవర్తన, గణిత నమూనాలు. నాలుగో ఏడాది ఒకే ప్రశ్న మీద ఒక ప్రయోగశాలలో పని. ఈ వరుస తలకిందులై, మొదటి ఏడాదిలోనే ‘మెదడు, చైతన్యం’, ‘న్యూరోమార్కెటింగ్’ లాంటి ఆకర్షణీయమైన పేపర్లు పెట్టి, గణితం ఎక్కడా లేకపోతే ఆ కోర్సు నిన్ను బలహీనపరుస్తుంది. ఈ విషయంలో నాకు సందేహం లేదు.

మన తెలుగు రాష్ట్రాల్లో పదహారేళ్లకే పిల్లల్ని బైపీసీ, ఎంపీసీ అని విడదీసి, జీవశాస్త్రం ఇష్టపడిన పిల్లల్లో చాలామందిని గణితానికి దూరం చేస్తున్నాం. ఐఐఎస్సీ డిగ్రీకి పన్నెండో తరగతిలో గణితం ఉండాలన్న సంగతి చాలామంది బైపీసీ పిల్లలకు ఆలస్యంగా తెలుస్తుంది. నువ్వు కర్ణాటకలో పీసీఎంబీ చదవడం వల్ల నాలుగూ నీ చేతిలో ఉన్నాయి. దాన్ని ఇప్పుడు వదులుకోకు.

ఇక నీ ముందున్న దారులు. ప్రైవేటు విశ్వవిద్యాలయం ఫీజే నాలుగేళ్లకు 18 లక్షలు. అది చెడ్డదని నేను అనను. కొన్ని ప్రైవేటు సంస్థల్లో మంచి అధ్యాపకులున్నారు. కానీ బ్రోచర్ చూసి సైటు అమ్మకూడదు. నేరుగా వెళ్లి ఎనిమిది సెమిస్టర్ల సిలబస్ అడుగు. పాఠం చెప్పేవారిలో న్యూరోసైన్స్ పరిశోధన చేస్తున్నవారు ఎవరో, గత రెండేళ్లలో వాళ్లు ప్రచురించిన పత్రాలేమిటో చూడు. న్యూరాన్ సంకేతాలను నమోదు చేసే పరికరాలు, తల మీద నుంచి మెదడు విద్యుత్తును కొలిచే ఈఈజీ, మంచి సూక్ష్మదర్శిని ఉన్నాయా? వాటిని డిగ్రీ పిల్లలు ముట్టుకోనిస్తారా, లేక సందర్శకులకు చూపిస్తారా? నాలుగో ఏడాది ప్రాజెక్టు ఎక్కడ చేయిస్తారు? బయటికి వెళ్లిన మొదటి బ్యాచ్ పిల్లలు ఇప్పుడెక్కడున్నారు? ఇంకా ఏ బ్యాచ్ బయటికి రాకపోతే నువ్వు ప్రయోగానికి డబ్బు కడుతున్నావని అర్థం. యూజీసీ నిబంధనల ప్రకారం, మొదటి ఆరు సెమిస్టర్లలో 75 శాతం తెచ్చుకున్నవారికే నాలుగో ఏడాది పరిశోధనతో కూడిన ఆనర్స్ అవకాశం ఉంటుంది. అలా పూర్తి చేసినవారు ఎమ్మెస్సీ లేకుండానే పీహెచ్‌డీకి ప్రయత్నించవచ్చు. నాలుగేళ్ల కోర్సుకు ఉన్న నిజమైన ఆకర్షణ ఇదే. ఆ మార్కులు రాకపోతే మూడేళ్లకో, మామూలు ఆనర్స్‌తోనో బయటికి రావాలి. అప్పటికి పెట్టిన డబ్బు తిరిగి రాదు.

తిరుపతి ఐసర్‌ను నువ్వు తక్కువగా చూస్తున్నావనిపించింది. అది బెంగళూరు నుంచి రాత్రి బస్సెక్కితే తెల్లారేలోగా చేరే దూరంలో ఉంది. ఐదేళ్లకు బీఎస్, ఎంఎస్ రెండూ వస్తాయి కాబట్టి నాలుగేళ్ల డిగ్రీ, ఆపైన ఎమ్మెస్సీ చేసేవాళ్లతో పోలిస్తే నువ్వేమీ వెనకబడవు. మొదటి సెమిస్టర్లలో అన్ని శాస్త్రాలూ చదివిస్తారు, చివరి ఏడాది థీసిస్ ఉంటుంది. ఆ ప్రాజెక్టును, వేసవి పనులను న్యూరోసైన్స్ చేస్తున్నవారి దగ్గర చేసుకుంటే నువ్వు కోరిన చదువే అవుతుంది. దీని వల్ల పోయేది రోజూ నానమ్మను చూడగలిగే వీలు. అది చిన్న నష్టం కాదు. వచ్చే మూడు నాలుగేళ్లు ఆమె జీవితంలో ఎలాంటివో నీకు తెలుసు. ఇంట్లో మీ అమ్మగారి మీద భారం పెరుగుతుందా, మనిషిని పెట్టుకోగలరా అన్నది ముందే మాట్లాడుకోండి. ఫీజులో మిగిలే డబ్బులో కొంత దానికి వాడవచ్చని మీ నాన్నగారికి చెప్పు.

ఇంట్లోనే ఉండాలని నిర్ణయిస్తే, ప్రభుత్వ కళాశాల బీఎస్సీని చిన్నచూపు చూడకు. కర్ణాటక ప్రభుత్వం 2024-25 నుంచి రాష్ట్ర విశ్వవిద్యాలయాల్లో నాలుగేళ్ల ఆనర్స్‌ను ఆపి మూడేళ్ల డిగ్రీకి తిరిగి వచ్చింది. కాబట్టి అక్కడ నాలుగో ఏడాది పరిశోధన దొరకదు. ప్రయోగశాలలు బలహీనంగా ఉండవచ్చు. దానికి బదులు ఈ నగరమే నీ ప్రయోగశాల కావాలి. ఐఐఎస్సీ, నిమ్హాన్స్, జీకేవీకే ఆవరణలోని ఎన్‌సీబీఎస్, జక్కూరులోని జవహర్‌లాల్ నెహ్రూ శాస్త్ర పరిశోధన కేంద్రం అన్నీ బస్సులో వెళ్లగలిగే దూరంలోనే ఉన్నాయి. బెంగళూరులోనే ఉన్న ఇండియన్ అకాడమీ ఆఫ్ సైన్సెస్, మరో రెండు అకాడమీలతో కలిసి ప్రతి ఏటా డిగ్రీ విద్యార్థులకు వేసవి పరిశోధన ఫెలోషిప్‌లు ఇస్తుంది. మూడేళ్ల తర్వాత హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలో నాడీ, సంజ్ఞాన (కాగ్నిటివ్) శాస్త్రాల ఎమ్మెస్సీ లాంటి వాటికి పోటీపడవచ్చు. ఈ దారిలో ఎవరూ నిన్ను చెయ్యిపట్టి నడిపించరు. ప్రయోగశాలలకు ఈమెయిళ్లు రాయాలి. చాలావాటికి జవాబు రాదు. మళ్లీ రాయాలి. ఆ ఓపిక ఉంటే ఇది గొప్ప దారి. లేకపోతే మూడేళ్లు ఊరికే కరిగిపోతాయి.

నీట్ మళ్లీ రాయడం గురించి ఒక్క మాట. రోగులతోనే ఉండాలని ఆ మ్యూజియం, ఓపీ చూశాక నీకు అనిపిస్తే రాయి. నాన్న బాధపడతారని మాత్రమే రాయకు. అలా రాసిన పరీక్షలో ర్యాంకు రాకపోతే ఇద్దరికీ రెండింతల బాధ.

నాన్నగారితో మాట్లాడేటప్పుడు ‘నాకు ఇష్టం’ అన్న మాట సరిపోదు. ఆయన వ్యాపారం చేసే మనిషి. లెక్కలు కాగితం మీద పెట్టు. ప్రైవేటుకు ఎంత, ఐసర్‌కు హాస్టల్‌తో కలిపి ఎంత, ప్రభుత్వ కళాశాలకు ఎంత. నెట్‌లో జేఆర్‌ఎఫ్ (పరిశోధన ఫెలోషిప్) సాధించి పీహెచ్‌డీలో చేరితే మొదటి రెండేళ్లు నెలకు 37 వేలు, తర్వాత 42 వేలు వస్తాయని చెప్పు. ఎండీ సీటుకు మళ్లీ పరీక్ష, ప్రైవేటైతే మళ్లీ లక్షలు అవసరమవుతాయని కూడా రాయి. అలాగే నిజం దాచకు. కేవలం డిగ్రీతో న్యూరోసైన్స్‌లో మంచి ఉద్యోగాలు తక్కువ. పీహెచ్‌డీ తర్వాత కూడా స్థిరమైన కొలువు దొరకడానికి కొన్నేళ్లు పట్టవచ్చు. మధ్యలో ఆగాల్సి వస్తే డేటా విశ్లేషణ, వైద్య పరికరాలు, క్లినికల్ ట్రయల్స్ పనులకు నీ గణితం, ప్రోగ్రామింగ్, గణాంకాలు అక్కరకొస్తాయి. తమ్ముడి చదువు కోసం ఎంత పక్కన పెట్టాలో ఆయన్నే అడుగు. ఆ మాట నీ నోటి నుంచి వస్తే ఆయన భయం సగం తగ్గుతుంది.

మీ కుటుంబానికి దగ్గరగా ఉన్న ఒక సంగతి కూడా చెబుతాను. ఐఐఎస్సీ ఆవరణలోని సెంటర్ ఫర్ బ్రెయిన్ రిసెర్చ్ కోలారు జిల్లా శ్రీనివాసపుర తాలూకా పల్లెల్లో 45 ఏళ్లు దాటినవారిని ఏళ్ల తరబడి గమనిస్తూ, మతిమరుపు ఎవరికి ఎందుకు వస్తుందో తెలుసుకునే పెద్ద అధ్యయనం చేస్తోంది. పది వేల మందిని చేర్చుకోవాలన్నది లక్ష్యం. అది మీ మదనపల్లెకు పక్క తాలూకా. అక్కడ ఎన్నో ఇళ్లలో తెలుగే మాట్లాడతారు. ఒక రైతు జ్ఞాపకశక్తిని పరీక్షించాలంటే ఆయన మాట, యాస, ఎరిగిన పనులు, పాడే పాటలు తెలిసిన పరిశోధకులు కావాలి. తెలుగు, కన్నడ రెండూ వచ్చిన నీకు అలాంటి పనిలో చోటుంటుంది. నువ్వు వేసిన పాటల ప్రశ్నను అడగడానికి అంతకంటే సరైన చోటు నాకు తోచడం లేదు.

నా మొగ్గు ఎటో నీకు అర్థమయ్యే ఉంటుంది. ఇంటి పరిస్థితి అనుమతిస్తే తిరుపతి, నానమ్మ దగ్గరే ఉండాలనుకుంటే బెంగళూరులో మూడేళ్ల డిగ్రీ, అధ్యాపకులను, ప్రయోగశాలలను కళ్లారా చూశాకే ప్రైవేటు. కానీ ఆ ఇంట్లో ఉన్నది నువ్వు, తూచాల్సిందీ నువ్వే. ఈ వారంలోనే రెండు పనులు మాత్రం చెయ్యి. ఐసర్ సీటు అంగీకరించే గడువు ఎప్పటిదో చూసి, నిర్ణయం తేలకపోయినా ఆ సీటు చేజారకుండా ఫీజు కట్టు. ప్రైవేటు విశ్వవిద్యాలయంలో అడ్వాన్సు కట్టమంటే, యూజీసీ ఈ ఏడాది ప్రకటించిన ఫీజు వాపసు గడువు ఏమిటో, ఆ సంస్థ దాన్ని పాటిస్తుందో లేదో రాతపూర్వకంగా తీసుకున్నాకే కట్టు.